బోరు కంటే ముందు గట్టు

 

ప్రతి ఏడూ ఈ సభలో చేసిన పనుల లెక్క చెబుతాం. ఈసారి సరిగా చేయలేకపోయిన పని ఒకటి చెప్పి మొదలుపెడతాం. అనంతపురం జిల్లాలోని ఒక మెట్ట గ్రామంలో, మీరిచ్చిన సొమ్ముతో ఒక పేద రైతు కుటుంబానికి బోరు వేయించాం. నీళ్లు పడిన రోజు అందరం దువా చేశాం. దాత పేరుతో రాయి కూడా నాటించాం. మూడో వేసవికి బోరు ఎండిపోయింది. రాయి మాత్రం అలాగే ఉంది. ఆ ఇంటి పెద్దాయన మమ్మల్ని నిందించలేదు. "వాన నీళ్లే చేన్లో నిలబడకపాయె, బోర్లోకి యాడ్నుంచి వస్తాయి సాబ్?" అని మాత్రం అడిగారు.

ఆ మాట మమ్మల్ని ఆలోచింపజేసింది.

అనంతపురంలో ఏడాదికి సగటున కురిసేది సుమారు 550 మిల్లీమీటర్ల వాన. తక్కువే. అయినా లెక్క వేసి చూడండి. ఎకరం నేల మీద 25 మిల్లీమీటర్లు కురిస్తే లక్ష లీటర్లు. ఏడాది మొత్తానికి ఎకరానికి 22 లక్షల లీటర్లు. అయితే ఇందులో చాలా భాగం కొద్ది రోజుల్లోనే కుండపోతగా పడుతుంది. ఎర్రనేల పైన పొర గట్టిపడి నీరు ఇంకదు. వాలు వెంట వంకలోకి పోతుంది, మట్టిని వెంట తీసుకుపోతుంది. ఎకరంలో ఒక్క మిల్లీమీటరు మందం పైమట్టి పోయినా సుమారు 6 టన్నులు పోయినట్టే. వేసిన ఎరువు, నేల సత్తువ దాంతోనే పోతాయి. తర్వాత బెట్ట వస్తే, వేరుశనగ ఊడలు దిగే వేళకు నేలలో పదును ఉండదు.

దీనికి మందు రైతులకు తెలియనిది కాదు. వాలుకు అడ్డంగా దున్నడం, గట్లు వేయడం, కందకాలు తీయడం, పొలం పల్లంలో నీటికుంట తవ్వడం, చెరువు పూడిక మట్టి చేలకు తోలడం. లేనిది కూలి డబ్బులు మాత్రమే.

ఈ పని చేతులతోనే సాధ్యమని చూపిన రైతు ఒకాయన ఉన్నారు. పశ్చిమ ఆఫ్రికాలోని బుర్కినా ఫాసో దేశానికి చెందిన యాకూబా సవాడోగో. చిన్నప్పుడు ఖుర్ఆన్ మదరసాలో చదువుకున్నారు. 1980ల కరువులో జనం ఊళ్లు వదిలి పోతున్నా ఆయన పొలం వదల్లేదు. ఎండాకాలంలోనే బండబారిన నేలలో వరసగా గుంతలు తీసి పశువుల ఎరువు వేశారు. ఎరువుకు చేరిన చెదలు నేలను గుల్ల చేశాయి. వాన నీరు ఆ గుంతల్లోనే ఇంకింది. పారే నీటికి అడ్డంగా రాళ్ల వరసలు పేర్చారు. జొన్న, సజ్జ పండాయి. మొదట పిచ్చివాడన్న ఊరివాళ్లే తర్వాత నేర్చుకోవడానికి వచ్చారు. 2018లో ఆయనకు రైట్ లైవ్లీహుడ్ అవార్డు వచ్చింది. 2023లో కన్నుమూశారు.

మా పనిలో ఒక చిక్కు ఉంది. మనం సాయం చేసే కుటుంబాల్లో కౌలు రైతులు చాలామంది. గట్లు వేసి నేల బాగుచేస్తే యజమాని వెనక్కి తీసుకుంటాడేమోనని వాళ్ల భయం. అందుకే కనీసం ఐదేళ్లు కౌలు కొనసాగిస్తామని యజమాని పెద్దల ముందు ఒప్పుకున్న చోటే పని మొదలుపెట్టాలని నిర్ణయించాం. కూలి కూడా ఆ ఊరి వాళ్లకే అందాలి.

తాగునీటి బోర్లు ఆపమని మేం అనడం లేదు. సేద్యపు బోరుకు ఇవ్వదలచిన సొమ్మును ముందుగా గట్లకు, కుంటలకు ఇవ్వండని అడుగుతున్నాం. బోరు భూమిలో ఉన్న నీటిని తీస్తుంది, గట్టు ఆ నీటిని భూమికి ఇస్తుంది.

ఒక్క సంగతి ముందే చెప్పాలి. మట్టి గట్టు మీద దాత పేరు రాయలేం. రెండు వానలకు దాని మీద గడ్డి మొలుస్తుంది, ఎవరు వేయించారో ఊరివాళ్లకే గుర్తుండదు. కానీ వాన పడిన ప్రతిసారీ అది తన పని చేస్తూనే ఉంటుంది. సదఖా జారియా అంటే ఇదే కదా.