'చెప్పాడు' అంటే సెడ్డా, టోల్డా?

(విద్యార్థివేతనాల పంపిణీ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

ఇంగ్లీషు గురించి నాలుగు మాటలు మాట్లాడమని ట్రస్టువారు కోరారు. ఇంగ్లీషంతా అరగంటలో తేలే పని కాదు కనుక రెండే రెండు క్రియలను తీసుకుంటాను. ఒకటి సే, రెండోది టెల్. ఐదో తరగతి పిల్లలకు కూడా తెలిసిన మాటలే. అయినా డిగ్రీ పూర్తి చేసినవారి దరఖాస్తుల్లో సైతం 'హి సెడ్ మి' అనీ, 'హి టోల్డ్ టు మి' అనీ కనబడుతుంటాయి. ఇది తెలివితక్కువ వల్ల వచ్చే తప్పు కాదు. దీని మూలం మన ఇంటి భాషలోనే ఉంది.

చిక్కబళ్లాపురం, బాగేపల్లి, చింతామణి పక్క మనలో చాలామందికి ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం. తెలుగులో 'చెప్పు', కన్నడంలో 'హేళు'. ఈ రెండూ చక్కగా సరిపోతాయి. ఇంట్లో 'మేష్టరు చెప్పినారు' అన్న పిల్లవాడు బడిలో 'మేష్ట్రు హేళిదరు' అంటాడు, ఎక్కడా తడబడడు. ఇంగ్లీషులోకి వచ్చేసరికి ఆ ఒక్క మాటకు ఎదురుగా రెండు మాటలు నిలబడతాయి. చిక్కు అక్కడ మొదలవుతుంది.

అసలు తేడా ఇది. సే అన్నప్పుడు మన చూపు పలికిన మాట మీద ఉంటుంది. టెల్ అన్నప్పుడు ఆ మాట ఎవరికి చేరిందో వారి మీద ఉంటుంది. 'రేపు సెలవు అని హెడ్మాస్టరు చెప్పారు' అంటే 'ద హెడ్మాస్టర్ సెడ్ దట్ టుమారో వాజ్ ఎ హాలిడే'. 'హెడ్మాస్టరు మాకు చెప్పారు' అంటే 'టోల్డ్ అస్'. 'మాకు'లో 'కు' ఉంది కదా అని పిల్లలు 'టోల్డ్ టు అస్' అంటారు. టోల్డ్ తర్వాత ఆ 'టు' అక్కర లేదు. సెడ్ వాడి వినేవారిని కూడా చేర్చాలంటే మాత్రం 'సెడ్ టు అస్' అనాల్సిందే. ఎస్సెస్సెల్సీ వ్యాకరణంలో 'సెడ్ టు'ను 'టోల్డ్'గా మార్చమని బట్టీ పట్టిస్తారే, ఆ సూత్రం వెనక ఉన్న సంగతి ఇంతే.

ఇక్కడ తల్లిదండ్రులు చేయగల సాయం ఒకటుంది. దానికి మీకు ఇంగ్లీషు రానక్కర లేదు. పిల్లవాడు వాక్యం రాసుకుంటున్నప్పుడు 'ఎవరికి చెప్పినాడప్పా?' అని తెలుగులోనే అడగండి. వాక్యంలో జవాబు ఉంటే టెల్, లేకుంటే సే. నూటికి నూరుపాళ్లు కాకపోయినా చాలా చోట్ల ఈ ఒక్క ప్రశ్నతో పని జరుగుతుంది. ఇంట్లో తెలుగు మాట్లాడితే పిల్లలకు ఇంగ్లీషు రాదని కొందరు భయపడతారు. మన నంది కొండ దగ్గరి ముద్దేనహళ్లిలో తెలుగు ఇంట పుట్టిన విశ్వేశ్వరయ్యగారు 1951లో తన అనుభవాల పుస్తకాన్ని ఇంగ్లీషులోనే వెలువరించారు. 1955లో ఆయనకు భారతరత్న వచ్చింది. ఇంటి భాష ఆయనకేమీ అడ్డు రాలేదు.

పైగా తెలుగులో 'చెప్పు' ఒక్కటే లేదు, 'అను' కూడా ఉంది. '"వస్తాను" అన్నాడు' అంటే సెడ్. 'ఆ సంగతి నాకు చెప్పాడు' అంటే టోల్డ్. ఇంతవరకు బాగానే ఉంది. కానీ 'నన్ను జాతరకు రమ్మన్నాడు' చూడండి. 'రమ్ము' పక్కన ఉన్నది 'అన్నాడే' కదా అని సెడ్ వాడితే తప్పు. ఇంగ్లీషులో 'హి టోల్డ్ మి టు కమ్'. ఇదే మాటను కన్నడంలో 'బరలు హేళిదరు' అంటాం. అంటే ఈ చోట ఇంగ్లీషు నడక తెలుగుకన్నా కన్నడానికి దగ్గర. రెండు భాషలు తెలిసిన మన పిల్లలకు ఇది లాభమే. పిలిచినవారు మర్యాదగా కోరి ఉంటే టోల్డ్‌కన్నా ఆస్క్‌డ్ మేలు.

కొన్ని మాటలు వినేవారు లేకపోయినా టెల్‌తోనే వస్తాయి. నిజం, అబద్ధం, కథ, గడియారం చూసి టైము చెప్పడం, రెండింటి మధ్య తేడా చెప్పడం. సోదె చెప్పేవారిని కూడా ఫార్చూన్ టెల్లర్ అనే అంటారు. ప్రార్థనకు, ఎస్, నో, గుడ్‌బైలకు మాత్రం సే. వీటిని అలవాటు చేసుకోవడమే. పాత ఇంగ్లీషులో టెల్‌కు లెక్కపెట్టడం అన్న అర్థం కూడా ఉండేది. బ్యాంకులో డబ్బు లెక్కపెట్టి ఇచ్చేవారికి టెల్లర్ అన్న పేరు అలా వచ్చింది. ఏటీఎంలో నడిమి అక్షరం ఆ టెల్లరే.

నోటీసు బోర్డులో ఏదైనా రాసి ఉంటే మనం 'నోటీసులో ఉంది' అంటాం. ఇంగ్లీషులో నోటీసే మాట్లాడుతుంది, 'ద నోటీస్ సేస్' అని. అలా రాసినా పలికేటప్పుడు 'సెజ్' అనాలి.

ఇంటర్వ్యూలో తరచుగా ముందు వచ్చేది 'టెల్ మి అబౌట్ యువర్‌సెల్ఫ్'. దానికి మన పిల్లలు 'ఐ విల్ సే అబౌట్ మైసెల్ఫ్' అని మొదలుపెడతారు. ఆ వాక్యం తప్పు, అవసరమూ లేదు. నేరుగా 'ఐ యామ్ ఫ్రమ్ నంది. మై ఫాదర్ గ్రోస్ గ్రేప్స్' అనండి. నాయన ద్రాక్ష తోట చేస్తారనడానికి సంకోచమెందుకు? మాట్లాడేటప్పుడు సే, టెల్ తారుమారైనా ఆగకండి, ఎదుటివారికి అర్థమవుతుంది. దరఖాస్తులో, ఉత్తరంలో అలా కాదు. అక్కడ కాగితం తప్ప మీ తరఫున మాట్లాడేవారు ఉండరు. ఒకటికి రెండుసార్లు చూసుకోండి.

చివరగా మీకొక వాక్యం ఇస్తాను. 'ఆలస్యంగా వచ్చినా మా నాయన నన్నేమీ అనలేదు.' ఇందులో 'అను' ఉంది, కానీ అర్థం తిట్టలేదని. కాబట్టి సే కాదు, టెల్ కాదు, 'హి డిడ్ నాట్ స్కోల్డ్ మి'. ఇటువంటి వాక్యాలు మీ ఇంట్లో రోజుకు పది దొరుకుతాయి. ఈ వారం వాటిని నోటుబుక్కులో రాసి, ఎదురుగా ఇంగ్లీషు రాసి మీ మేష్టరుకు చూపించండి.