కట్టని పన్నుకు మినహాయింపు



పోయిన మిర్చి కోతలప్పుడు మా సంఘం మీటింగుకు ఒకాయన వచ్చారు. కారం పొడి కంపెనీ కొత్తగా పెడుతున్నాం, తలా ఐదు వేలు వాటా పెట్టండి, కొత్త కంపెనీల్లో పెట్టే డబ్బుకి ప్రభుత్వం ఇన్‌కం టాక్స్ మినహాయింపు ఇస్తోంది అన్నారు. పది మందిమి, యాభై వేలు. పొదుపులోంచి తీద్దామని తీర్మానం రాయడం కూడా మొదలుపెట్టాం. అప్పుడు మాలో ఒకావిడ, "మనమెప్పుడైనా టాక్స్ కట్టామా? కట్టనిదాంట్లో మినహాయింపేంటి?" అంది. అందరం నవ్వాం గానీ పుస్తకం మూసేశాం.

మర్నాడు ఇద్దరం కూలి పోగొట్టుకుని నందిగామలో ఒక ఆడిటరుగారిని కలిశాం. 80-ఐఏసీ అనే సెక్షన్ ఉన్నమాట నిజమేనట. స్టార్టప్‌గా గుర్తింపు, ఆపైన కేంద్ర బోర్డు సర్టిఫికెట్ వచ్చిన కంపెనీకి మొదటి 10 ఏళ్లలో వరసగా 3 ఏళ్లు లాభం మీద పన్ను ఉండదు. ఆ మేలు కంపెనీకి, డబ్బు పెట్టినవాళ్లకి కాదు. లాభమే రాకపోతే కంపెనీకీ ఒరిగేదేం లేదు. 2024 బడ్జెట్‌లో ఎత్తేసిన ఏంజెల్ టాక్స్ కూడా కంపెనీ కట్టాల్సిందే. ఇంగ్లండులో అయితే చిన్న కంపెనీలో వాటా పెట్టినవారికి, పెట్టిన దాంట్లో 30 శాతం వాళ్ల పన్నులో తగ్గిస్తారట. అక్కడైనా కట్టే పన్ను ఉండాలిగా! మన మిర్చి, పత్తి ఆదాయం మీద ఇన్‌కం టాక్సే లేదు.

మనకు పనికొచ్చేది వేరే ఉంది. 2020లో కేంద్రం తెచ్చిన పథకంలో, రైతు ఉత్పత్తిదారుల కంపెనీలో సభ్యురాలు 2,000 వాటా పెడితే ప్రభుత్వం ఇంకో 2,000 వరకు కలుపుతుంది, కంపెనీ మొత్తానికి 15 లక్షల దాకా. మైదాన ప్రాంతంలో కనీసం 300 మంది సభ్యులుండాలి. ఇదీ వాటానే, లింకేజీ లోనులాగా వాయిదాల్లో తిరిగి వచ్చేది కాదు. కంపెనీ మునిగితే మన డబ్బూ మునుగుతుంది.

ఆయన్ని సర్టిఫికెట్ చూపించమన్నాం. తెస్తానన్నారు, మళ్లీ రాలేదు. చెడ్డ కంపెనీ అని మేము అనం. మాలో ముగ్గురైతే మంచి అవకాశం పోగొట్టారని ఇప్పటికీ కోపంగానే ఉన్నారు. యాభై వేలూ ఖాతాలోనే ఉన్నాయి. 300 మంది కావాలంటే మా ఒక్క ఊరు చాలదు. మిర్చి వేసినవాళ్లు భోజనాలయ్యాక వెళ్లిపోకుండా ఆగండి, కూర్చుని మాట్లాడుకుందాం.