ఎరువు వద్దనే మొక్క

ఎరువు వేయండని మీ చెవిలో ఇల్లు కట్టుకుని పోరిన నేనే ఇవాళ వద్దంటున్నాను. నవ్వకండి.

వానలు వెనుకపట్టాక, తేమ ఆరని ఇసుక నేలల్లో రూపాయి బిళ్లంత ఎర్రని మొక్క నేలకంటుకుని ఉంటుంది, గమనించారా? పేరు డ్రోసెరా బర్మాని. ఆకుమీది నూగు కొసల్లో మంచుబొట్లలా మెరిసేది జిగురు. చిన్న దోమ వాలిందా, అంచు నూగు క్షణాల్లో ముడుచుకుంటుంది. నేలలో దొరకని నత్రజనిని ఇది పురుగులోంచి తీసుకుంటుంది. దీంతో చేలో పురుగు పోతుందా అంటారేమో, పోదు.

పిల్లలకు చూపడానికి గాజుతొట్టిలో పెంచవచ్చు. కడిగిన ఏటి ఇసుక, నాచు కుళ్లి తయారైన పీట్ మట్టి చెరిసగం కలపండి. వాననీరే పోసి, మట్టి ఎప్పుడూ తడిగా ఉంచండి. నేను బోరునీరు పోసి, చాలదన్నట్టు చిటికెడు యూరియా కూడా వేశాను. వారం తిరక్కుండా మొక్క నల్లబడి చచ్చింది. చదువుకున్న చదువంతా ఏమైందో!

వెలుతురు బాగా కావాలి. కానీ మూత బిగించి ఎండలో పెడితే లోపల ఉడికిపోతుంది.

మొక్కల్ని మాత్రం పీకి తేకండి. ఎండిన పూకాడను కాగితంమీద దులిపితే నల్లని నలుసుల్లాంటి గింజలు రాలుతాయి. వాటిని తడిమట్టిపై చల్లి వదిలేయండి, పైన మట్టి కప్పవద్దు.