అమరికలు మరచిన పరీక్ష

ఇంటిలో ఒకరు రేడియో ముల్లు జరిపి, శబ్దము పెంచి, అట్లే వదలిపోయినచో, తరువాత వార్తలకై మీట నొక్కినవారు ఉలికిపడుదురు. పెట్టె చెడినదనియు అనుకొందురు. పెట్టెకు లోపమేమియు లేదు. వెనుకటివారి అమరిక మిగిలిపోయినది, అంతే. వెబ్ సర్వరులను యంత్రముచేతనే పరీక్షించు పద్ధతిలో నిత్యము ఎదురగు చిక్కు ఇట్టిదే.

మనము ఫోనులోనో కంప్యూటరులోనో ఒక పుటను కోరగా దానిని పంపునది వెబ్ సర్వరు. అది ఏ పోర్టున పనిచేయవలెను, ఏ డేటాబేసును తెరువవలెను, ఫైళ్ళనెచ్చట దాచవలెను అను సంగతులన్నియు అమరికలలో వ్రాసియుండును. ప్రోగ్రాములో మార్పు చేసిన ప్రతిసారియు వందలకొలది చిన్న పరీక్షలను మరియొక ప్రోగ్రాము నడుపును. మనుష్యుడు విసుగుచెందును, యంత్రమునకు విసుగు లేదు. అయితే అనుమానము కూడ లేదు. ఇది అసలు ఫోల్డరా, పరీక్షకై పెట్టినదా అని అది అడుగదు.

ఈ మాట మేము అనుభవముమీద చెప్పుచున్నాము. మా కేంద్రపు పాత ప్రసంగములను, జానపద గేయములను వెబ్‌లో వినిపించుటకు జాంగోతో ఒక ఏర్పాటు చేసికొంటిమి. 2005లో వెలువడిన ఈ జాంగో పరీక్షల విషయమున మిక్కిలి జాగ్రత్త గలది. అసలు డేటాబేసును తాకక, పేరునకు ముందు 'టెస్ట్' అని చేర్చి వేరొకదానిని సృష్టించి, పని ముగియగానే తుడిచివేయును. ఈ-మెయిళ్ళను బయటకు పోనీయక తనయొద్దనే నిలుపును. ఇంత రక్షణ చూచి మేము నిశ్చింతగా ఉంటిమి. కాని శబ్దపు ఫైళ్ళుండు ఫోల్డరును తెలుపు 'మీడియా రూట్' అను అమరికను అది తనంతట మార్చదు.

డేటాబేసు జాబితాలో లేని అనాథ ఫైళ్ళను ఏరి తొలగించు ప్రోగ్రామొకటి వ్రాసి, దానికొక పరీక్ష పెట్టి, అసలు ఫైళ్ళున్న యంత్రముపైననే నడిపితిమి. డేటాబేసు పరీక్షది, ఖాళీ. ఫోల్డరు మాత్రము అసలుది. ఖాళీ జాబితాతో పోల్చినచో ప్రతి ఫైలును అనాథయే కదా! అన్నియు పోయినవి. పరీక్ష నెగ్గినట్లు తెరపై అక్షరములు కనబడినవి.

టేపులున్నవానిని మరల ఎక్కించుకొంటిమి. టేపు బూజుపట్టిపోయిన ఒక గాయకురాలి పాటలు నాలుగు మాత్రము తిరిగిరాలేదు. ఆమె కుమారుడు వాటినడుగుచు ఉత్తరము వ్రాయగా, ఏమి బదులిత్తుమో తోచక మూడు దినములు ఊరకుంటిమి.

ఇప్పుడు ప్రతి పరీక్షకును తాత్కాలికమైన ఫోల్డరు వేరుగా ఏర్పడును. 'ఓవర్‌రైడ్ సెట్టింగ్స్' అను సాధనముతో అమరికను ఆ ఒక్క పరీక్షకే మార్చుదుము. పరీక్ష నడుమ విరిగినను పాత అమరిక తిరిగి నిలుచును. అమరికను ముందే చదివి వేరొకచోట దాచుకొన్న ప్రోగ్రామునకు ఈ మార్పు తెలియదు. ఆ అలవాటును మానుకొంటిమి. పోర్టు సంఖ్యగా 0 ఇచ్చినచో ఖాళీగానున్న పోర్టును కంప్యూటరే చూపును గనుక రెండు పరీక్షలు ఢీకొనవు. అన్నిటికన్న గట్టి కట్టడి మరియొకటి: పరీక్షలు నడుచు యంత్రమునకు అసలు ఫోల్డరు త్రోవయు, పాస్‌వర్డులును అసలే ఇయ్యము. ఇది అతిజాగ్రత్తయని మాలో ఒకరిద్దరు నవ్విరి. నవ్వనిండు.

ఆ కుమారునికి జరిగినది జరిగినట్లే వ్రాసితిమి. ఆయన ఇంట క్యాసెట్టొకటి వెదకగా రెండు పాటలు దొరకినవి. తక్కిన రెండు దంపుళ్ళ పాటలు. వానిని మా ప్రసారమునుండి పట్టియుంచుకొన్న శ్రోతలెవరైన ఉన్నచో కేంద్రమునకు ఒక కార్డు వ్రాయ ప్రార్థన.