కంపవాత పరిశోధనకు ధనము - మన ప్రతినిధులకు విన్నపము



పెద్దవారి చేయి వణకినచో "వయసు మీరినది, ఏమి చేయుదుము?" అని సరిపెట్టుకొనుట మనకు అలవాటు. దర్జీకి సూదిలో దారమెక్కదు. విశ్రాంతి తీసికొన్న ఉపాధ్యాయుని చేవ్రాత నానాటికి చిన్నదగును. రైతు గట్టుమీద నాలుగడుగులు వేసి నిలిచిపోవును. ఇట్టివారు తెనాలిలోను, బాపట్లలోను, రేపల్లెలోను ఎవరికిని కొత్తవారు కారు. ఇది కేవలము ముసలితనము కాకపోవచ్చును. దీనికి పార్కిన్సన్ వ్యాధి యని పేరు. ఈ లక్షణములనే మన ఆయుర్వేదము కంపవాతమన్నది. 1817లో లండను వైద్యుడు జేమ్స్ పార్కిన్సన్ ఆరుగురి లక్షణములను వర్ణించుచు ఒక చిన్న గ్రంథమును ప్రకటించెను. ఆయన పేరే వ్యాధికి నిలిచినది.

మెదడులో డోపమిన్ అను రసాయనమును తయారుచేయు కణములు క్రమముగా నశించుట వలన ఈ వ్యాధి కలుగును. చేయి వణకును, కండరములు బిగియును, నడక మందగించును, కంఠము సన్నగిల్లును. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారము 2019లో ఈ వ్యాధిగ్రస్తులు లోకమున 85 లక్షలకు పైగా నుండిరి. మన దేశమున 2016లో సుమారు 5 లక్షల 80 వేల మంది యుండిరని అంచనా.

దీనికి మందు లేదా యని మీరడుగవచ్చును. ఉన్నది, దాని చరిత్రలో మనకును భాగము గలదు. చేల గట్లమీద అల్లుకొని, తాకినవారికి దురద పుట్టించు దూలగొండి తీగను మీరెరుగుదురు. 1937లో మద్రాసున దామోదరన్, రామస్వామి అను శాస్త్రజ్ఞులు దాని గింజలనుండి లెవోడోపా యను పదార్థమును వేరుచేసిరి. అది ఈ వ్యాధికి మందగునని ఆనాడు ఎవరికిని తెలియదు. తరువాత స్వీడన్‌లో ఆర్విడ్ కార్ల్‌సన్ డోపమిన్ పనిని తెలిసికొనెను. రోగుల మెదడులో దానికి కొరత యున్నదని 1960లో వియన్నాలో తేలినది. మరుసటి సంవత్సరము అచ్చటనే లెవోడోపాను రోగులకిచ్చి చూచిరి. 1967లో అమెరికాలో డాక్టర్ కోట్జియాస్ దానిని నోటిద్వారా ఇచ్చి సత్ఫలితములను చూపెను. నేటికిని ప్రధానమైన మందు ఇదియే. ఇది విని ఎవరును దూలగొండి గింజలను తామే నూరి తినరాదు; మోతాదు నిర్ణయించుట వైద్యుని పని.

గింజలో పదార్థము దొరకిన పిదప అది రోగికి అందుటకు ముప్పది యేండ్లు పట్టినది. ఆ మందును లక్షణములను అణచునే గాని వ్యాధిని ఆపదు. కొన్నేండ్లు వాడిన పిదప ఒక మోతాదుకును మరియొక మోతాదుకును నడుమ దాని బలము తగ్గుచుండును. ఆ లోపమును తీర్చుటకు సఫినమైడ్ అను మందుపై పరీక్ష జరిగినప్పుడు, 2014లో ప్రకటితమైన ఆ పరిశోధన వ్యాసమున మొదటి పేరు హైదరాబాదు నిమ్సు వైద్యుడు డాక్టర్ రూపం బొర్గోహెయిన్‌ది. ఆ పరీక్షలో భారతీయ రోగులును పాల్గొనిరి. కావున మన వైద్యులకు శక్తి లేదనుట పొరపాటు.

విదేశములలో పరిశోధన జరుగుచుండగా మనకెందుకని కొందరనవచ్చును. 2023లో ఆఫ్రికా ప్రజలను పరీక్షించినప్పుడు, ఐరోపావారిలో మిక్కిలి అరుదైన ఒక జన్యుభేదము వారిలో ఈ వ్యాధికి తోడ్పడుచున్నట్లు తేలినది. వారిని పరీక్షింపకున్నచో అది బయటపడెడిది కాదు. మన తెలుగువారి రక్తమున ఏమున్నదో మనవారిని పరీక్షించియే తెలిసికొనవలెను.

మేము ఈ మూడు ఊళ్లను ప్రత్యేకముగా పేర్కొనుటకు మరియొక కారణము గలదు. ఇది కృష్ణా పశ్చిమ డెల్టా. వరిచేలకు పురుగుమందులు, కలుపుమందులు చల్లు చేతులు ఇచ్చట వేలకొలది. పారాక్వాట్ వంటి మందులకును ఈ వ్యాధికిని సంబంధము గలదని అనేక పరిశోధనలు సూచించుచున్నవి; అదియే కారణమని ఇంకను నిశ్చయముగా తేలలేదు. ఐరోపాలో పారాక్వాట్ 2007లో నిలిచిపోయినది. 2012లో ఫ్రాన్సు ప్రభుత్వము, పురుగుమందులతో పనిచేసిన రైతులకు వచ్చు పార్కిన్సన్ వ్యాధిని వృత్తివ్యాధిగా గుర్తించినది. మన డెల్టా రైతు సంగతి ఏమి? దీనికి సమాధానము ఊరూర, ఇంటింట లెక్క తీసిననే గాని దొరకదు. మందుల కంపెనీలకు ఇట్టి లెక్కలో లాభము లేదు. ఇది ప్రభుత్వ ధనముతో జరుగవలసిన పని.

ఇక ధనము మాట. 2024-25 కేంద్ర బడ్జెట్టులో ఆరోగ్య మంత్రిత్వ శాఖకు కేటాయించినది సుమారు 90,958 కోట్లు. అందులో ఆరోగ్య పరిశోధనా విభాగమునకు 3,301 కోట్లు, అనగా నూటికి మూడు రూపాయల అరువది పైసలు. క్షయ మొదలు కాన్సరు వరకు సమస్త వ్యాధులును ఆ మూడున్నర రూపాయలనే పంచుకొనవలెను. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము పార్కిన్సన్ వ్యాధిని 21 వైకల్యములలో ఒకటిగా చేర్చి రోగికి గుర్తింపునిచ్చినది. పరిశోధనకును అట్టి గుర్తింపు కావలెను.

అడుగనిదే అమ్మయైనను పెట్టదందురు. అమెరికాలో రోగులును, వారి కుటుంబములును శాసనకర్తల తలుపులు తట్టిరి. 1997లో ఈ వ్యాధి పరిశోధనకై ప్రత్యేక చట్టము వచ్చినది. 1999లో నటుడు మైకేల్ జె. ఫాక్స్ మందు వేసికొనక, వణకుచునే సెనేటు సంఘము ముందు మాటలాడెను. 2024 జూలైలో జాతీయ ప్రణాళికా చట్టమును సాధించుకొనిరి.

ఇట్లడుగుట పైరవీ కాదు. పైరవీ తన ఒక్కని పనికి. ఇది పదిమంది మేలుకు. బాపట్ల, రేపల్లెలు బాపట్ల లోక్‌సభ నియోజకవర్గమునకును, తెనాలి గుంటూరు నియోజకవర్గమునకును చెందినవి. అనగా ఇద్దరు పార్లమెంటు సభ్యులు, ముగ్గురు శాసనసభ్యులు మీ మాట వినవలసినవారు. పార్లమెంటు సభ్యుడు పదునైదు దినముల ముందు నోటీసునిచ్చి మంత్రిని ప్రశ్నింపవచ్చును. ఆరోగ్య శాఖ పద్దులను పరిశీలించు స్థాయీ సంఘమునకు వ్రాయవచ్చును. శాసనసభ్యుడు రాష్ట్ర బడ్జెట్టు చర్చలో ఈ ప్రస్తావన తేవచ్చును.

ఏమి అడుగవలెను? మంగళగిరి ఎయిమ్సు కేంద్రమునది. గుంటూరు వైద్య కళాశాల, బాపట్ల వ్యవసాయ కళాశాల రాష్ట్రమునకు చెందినవి. ఈ మూడును కలిసి డెల్టాలో ఈ వ్యాధిని లెక్కించి, పురుగుమందులతో దానికి గల సంబంధమును పరిశీలించుటకు నిధులు కోరుడు. ఆరోగ్య పరిశోధన వాటాను పెంచుమని కోరుడు.

ఉత్తరము ఒక పుటకు మించరాదు. మీ ఇంటిలోని వారి స్థితి నాలుగు వాక్యములలో తెలుపుడు. పిదప కోరిక స్పష్టముగా వ్రాయుడు. ఫిబ్రవరిలో బడ్జెట్టు వచ్చును గనుక దీపావళి నాటికి ఉత్తరము చేరుట మేలు. వీలైనచో ఇరుగుపొరుగు కుటుంబములతో కలిసి వెళ్లి స్వయముగా అందజేయుడు. చేయి వణకువారు వ్రాయలేరు, కంఠము సన్నగిల్లినవారు గట్టిగా అడుగలేరు. కావున ఇంటిలోని పిల్లలును, కోడండ్రును, మనుమలును ఈ పని చేపట్టవలెను. నకలొకటి దాచుకొనుడు. నెల గడచినను సమాధానము రానిచో, మరల వ్రాయుడు.