వాకిట్లో నిలిచిన చిన్న కారు



ఆడవాళ్ళ కార్యక్రమంలో కారు కబుర్లేమిటా అని మీలో కొందరు నవ్వుకుంటున్నారేమో. పోయినసారి మాగాయ పచ్చడి గురించి చెప్పిన మనిషి ఈసారి ఇంజను గురించి మొదలుపెట్టిందేమిటని ఆశ్చర్యపోవచ్చు కూడా. నేను చదివింది పదో తరగతి వరకే. అయినా ఒక కారు గురించి నాలుగు మాటలు చెప్పగలననుకుంటున్నాను. ఎందుకంటే అది మా పుట్టింట్లో ఇరవై ఏళ్ళు ఇంటి మనిషిలా మసిలింది. అదే మారుతి 800.

ఆ కారు రాకముందు మన దేశంలో కార్లంటే ముఖ్యంగా రెండే. ఒకటి అంబాసిడర్, రెండోది ఫియట్, అంటే తర్వాత ప్రీమియర్ పద్మినిగా పేరు మారినది. రెండూ 1950లనాటి విదేశీ నమూనాలే. డబ్బు కట్టినా బండి ఇంటికి రావడానికి ఏళ్ళూ పూళ్ళూ పట్టేది. మధ్యతరగతి వాళ్ళకు కారంటే పెళ్ళివారు దిగే వాహనం, అంతే.

సామాన్యుడికి అందే చిన్న కారు కావాలన్న మాట చాలా కాలంగా ఉన్నదే. 1971లో సంజయ్ గాంధీ ఆ పేరుతోనే మారుతి మోటార్స్ కంపెనీ పెట్టారు. మారుతి అంటే వాయుపుత్రుడు, మన ఆంజనేయస్వామి. హర్యానాలోని గుర్‌గావ్‌లో స్థలం తీసుకున్నారు, షెడ్లు లేచాయి, వివాదాలూ లేచాయి. కారు మాత్రం జనం చేతికి రాలేదు. కంపెనీ మూతపడింది. 1980 జూన్‌లో సంజయ్ గాంధీ విమాన ప్రమాదంలో మరణించారు. ఆ తర్వాత ప్రభుత్వం ఆ సంస్థను స్వాధీనం చేసుకుని, 1981 ఫిబ్రవరిలో మారుతి ఉద్యోగ్ అనే ప్రభుత్వ సంస్థను స్థాపించింది. దాన్ని నిలబెట్టే బాధ్యత వి. కృష్ణమూర్తి గారి మీద, ఆర్.సి. భార్గవ గారి మీద పడింది.

మనకు చిన్న కార్ల పని తెలియదు, తెలిసినవాళ్ళు కావాలి. 1982 అక్టోబరు 2న జపానుకు చెందిన సుజుకీ కంపెనీతో ఒప్పందం కుదిరింది. సుజుకీ వాటా నూటికి 26. మరుసటి ఏడాది బుకింగులు తెరిస్తే లక్షమందికి పైగా డబ్బు కట్టారు! 1983 డిసెంబరు 14న అప్పటి ప్రధాని ఇందిరాగాంధీ మొదటి కారు తాళాలను ఢిల్లీకి చెందిన ఒక విమాన సంస్థ ఉద్యోగికి అందజేశారు. షోరూము ధర 50 వేల రూపాయల లోపే.

జపాను వాళ్ళు యంత్రాలతో పాటు ఒక పద్ధతిని కూడా తెచ్చారు. ఆ ఫ్యాక్టరీలో పెద్ద అధికారికీ కార్మికుడికీ ఒకే రకం యూనిఫారం, ఒకే క్యాంటీను. వంటింట్లో అందరికీ ఒకే గిన్నెలోంచి వడ్డించే మనకు అందులో వింతేమీ కనబడదు గాని, ఆ రోజుల్లో అది పెద్ద మార్పే.

ఇంతకీ ఆ కారులో విశేషమేమిటి? ముందుగా, తేలిక. అంబాసిడర్ వెయ్యి కిలోలు దాటిన బరువైతే, ఇది దాదాపు 650 కిలోలు. ఇంజను 796 సి.సి.; అందుకే 800 అన్న పేరు. సిలిండర్లు మూడే. ఇంజను బలం ముందు చక్రాలకే అందుతుంది కనుక వెనక చక్రాల దాకా పొడవాటి ఇనుప కడ్డీ అక్కరలేదు. బరువు తగ్గింది, లోపల కాళ్ళు చాపుకునే చోటు మిగిలింది. పాత కార్లలో గేరు రాడ్డు స్టీరింగు పక్కన ఉండేది. ఇందులో చేతికి అందేటట్టు కింద అమర్చారు. బరువు తక్కువ కావడంతో పెట్రోలూ తక్కువే తాగేది. ఇంకా ముఖ్యమైనది, స్టీరింగు తిప్పడానికి పహిల్వాను భుజాలు అవసరం లేకపోవడం.

ఈ చివరి మాట దగ్గర కాస్త ఆగుదాం.

నేను పదో తరగతి పరీక్షలు రాసిన ఏడాది, 1995లో, మా నాన్నగారు విజయవాడలో ఒక పాత మారుతి కొన్నారు. తెల్లటిది. మా అమ్మ దానికి పసుపు కుంకుమ పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టించింది. ఆ రోజు నుంచి తెల్లవారి ముగ్గు వేసిన చేత్తోనే కారు తుడిచేది. ఎన్ని లీటర్లు పోయించారో, ఎన్ని కిలోమీటర్లు తిరిగారో పాల లెక్క పుస్తకంలోనే రాసేది. బండి కొంచెం ఎక్కువ తాగుతోందంటే నాన్నగారి కంటే ముందు అమ్మకే తెలిసేది. కాని తాళంచెవి మాత్రం నాన్నగారి జేబులోనే. అమ్మకు డ్రైవింగు నేర్పుదామని మాకెవరికీ తోచలేదు. అమ్మా అడగలేదు.

2008లో నాన్నగారి రెండు కళ్ళకూ, ఒకదాని తర్వాత ఒకటి, శుక్లాల ఆపరేషను అయింది. కొంతకాలం బండి నడపవద్దన్నారు. ఇంటి ముందు కారుండగా ఆసుపత్రికి ఆటో కోసం వీధి చివర ఎండలో నిలబడ్డాం. ఆ ఎండలో నాకు సిగ్గేసింది. అప్పటికి నాకు పెళ్ళయి ఇద్దరు పిల్లలు. మావారు, “ఇప్పుడు నీకెందుకు ఆ తంటాలు?” అన్నారు. “ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడండీ?” అన్నాను. ఎల్.ఎల్.ఆర్. తీసుకున్నాను. మొదటి వారం బండి కదలడం కంటే ఆగిపోవడమే ఎక్కువ. క్లచ్చి వదిలేసరికి కప్పలా గెంతేది. వీధి పిల్లలు చప్పట్లు కొట్టేవాళ్ళు.

రెండు నెలలకు లైసెన్సు వచ్చింది. నాన్నగారి తర్వాతి పరీక్షకు నేనే తీసుకువెళ్ళాను. నాన్నగారు తన కారులో వెనక సీట్లో కూర్చోవడం అదే మొదటిసారి. అమ్మ నా పక్కన కూర్చుంది. వంతెన దాటేదాకా నోరు మెదపలేదు. ఆ తర్వాత మెల్లిగా అంది: “ఇన్నేళ్ళు తుడిచాను గాని, దీన్ని ఒక్క అడుగైనా కదిలించలేదే.” ఆ మాట నాకు ఇప్పటికీ గుచ్చుకుంటూనే ఉంటుంది.

ఆ కారు మీద ప్రేమ కొద్దీ లోపాలు దాచను. అందులో ఎయిర్‌బ్యాగులు లేవు. తేలిక రేకు కనుక గట్టి దెబ్బకు ఆగదు. నలుగురు హాయిగా కూర్చునే బండిలో మేము ఎనిమిదిమందిమి ఎక్కి పెళ్ళిళ్ళకు వెళ్ళాం. తమ్ముణ్ణి అమ్మ ముందు సీట్లో ఒళ్ళో కూర్చోబెట్టుకునేది. ఏమీ కాలేదంటే మా అదృష్టం. మీరు మాత్రం అలా చేయకండి. వెనక కూర్చున్నా బెల్టు పెట్టుకోండి. చిన్న పిల్లల్ని ముందు సీట్లో, ఒళ్ళో అస్సలు కూర్చోబెట్టకండి.

2010లో కొత్త కాలుష్య నిబంధనలు వచ్చినప్పుడు హైదరాబాదుతో సహా 13 నగరాల్లో ఆ కారు అమ్మకం ఆగింది. 2014 జనవరిలో తయారీయే ఆగిపోయింది. అప్పటికి దేశంలో 26 లక్షలకు పైగా అమ్ముడయ్యాయి. చిత్రమేమంటే అదే ఏడాది అంబాసిడర్ తయారీ కూడా నిలిచిపోయింది. మా బండిని మరుసటి ఏడాది అమ్మేశాం. తీసుకువెళ్ళే రోజున కూడా అమ్మ దాన్ని తుడిచే పంపింది.

ఇప్పటి కార్లు ఇంకా సుళువు. స్టీరింగు వేలితో తిరుగుతుంది, గేర్లు వాటంతటవే మారే బళ్ళూ ఉన్నాయి. కనుక అక్కచెల్లెళ్ళారా, మీ ఇంట్లో కారుంటే, దాని తాళంచెవి ఎవరి జేబులో ఉందో ఒకసారి చూడండి. ఎల్.ఎల్.ఆర్. ఆరు నెలలు చెల్లుతుంది. అది తీసుకున్న 30 రోజుల తర్వాత పరీక్షకు వెళ్ళవచ్చు. నలభై దాటాయని సందేహించకండి. మీకు వీలు కాకపోతే మీ అమ్మాయికి నేర్పించండి. కోడలికీ నేర్పించండి.

మొదటి వారం బండి గెంతుతుంది. వీధి పిల్లలు నవ్వుతారు. నవ్వనివ్వండి.