గోలకొండ – భాగమతి గాథ

గోలకొండ కోట ప్రవేశద్వారపు గుమ్మటం క్రింద నిలిచి చప్పట్లు చరిస్తే, ఆ ధ్వని కొండ మీది బాలాహిస్సారులో వినిపిస్తుంది. ఆ కోటనుండి వెలువడిన ప్రేమగాథ ఒకటి నాలుగు శతాబ్దాలు దాటినా నేటికీ ఇంటింటా వినిపిస్తూనే ఉన్నది.

ఇబ్రహీం కుతుబ్ షా కుమారుడు మహమ్మద్ కులీ, మూసీ ఆవలి ఒడ్డున చించలం గ్రామంలోని భాగమతి అనే నర్తకిని వలచెనట. ఒకనాటి రాత్రి ఏరు పొంగి పొరలుతున్నా లెక్కచేయక గుర్రాన్ని వరదలోనికి దుమికించెనట. అది విని తండ్రి మనసు కరిగి, ఏటిపై వంతెన కట్టించెనట. తరువాత యువరాజు ప్రభువై, ప్రేయసి పేర భాగ్‌నగరం నిర్మించెననీ, ఆమెకు హైదర్ మహల్ అనే బిరుదు లభింపగా అదే హైదరాబాదు అయినదనీ జనశ్రుతి.

ఇందులో చరిత్ర ఎంత? పురానాపూల్ అని మనం పిలిచే ఆ వంతెన పూర్తి అయినది 1578లో. అప్పటికి మహమ్మద్ కులీ సుమారు పదమూడేళ్ళ బాలుడు! అతడు సింహాసనమెక్కినది 1580లో. చార్మినారు వెలసినది 1591లో. కోటలో జనం పెరిగి చోటు చాలనప్పుడు ఆవలి ఒడ్డుకు బాట వేయడం రాజుకు అవసరమే గదా! పైగా కుతుబ్ షాహీ సమాధులలో భాగమతి పేర సమాధి కానరాదు. ఆచార్య హారూన్ ఖాన్ షేర్వానీ ఈ గాథను అంగీకరించలేదు.

అయినా దీనిని వట్టి కల్పన అని త్రోసివేయుట సులభం కాదు. అక్బరు పాదుషా రాయబారిగా ఆనాడే దక్కనుకు వచ్చిన కవి ఫైజీ, భాగమతి పేర వెలసిన భాగ్‌నగరాన్ని పేర్కొన్నాడు. చరిత్రకారుడు ఫెరిష్తా కూడ ఈ మాట వ్రాశాడు. అనగా ఈ ప్రవాదం నగరమంత పాతది.

వంతెన కథకు మాత్రం మరొక సాక్షి ఉన్నది. అది మూసీ నది. 1908 సెప్టెంబరులో ఆ ఏరు పొంగి వేలాదిమందిని పొట్టన పెట్టుకొన్నది. ఆ వరదకు పురానాపూల్ దెబ్బతిన్నది గాని కూలిపోలేదు. వరదలో చిక్కిన కొడుకును తలచుకొని తండ్రి గుండె తల్లడిల్లినదని చెప్పుకొన్నవారు ఈ ఏటిని బాగా ఎరిగినవారే. యువరాజు వయస్సు వారు లెక్కవేయలేదు. మూసీ ఉధృతిని మాత్రం సరిగానే లెక్కవేశారు.